ఫాల్సుకు పోయి పికో దగ్గర తేలాం

ఇది ఒక మహాయాత్ర. ఆకాశాన్నంటే కొండలు, చీకటి కోనలు, హోరెత్తే జలపాతం, అడుగు తప్పితే అగాధం, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిచిన ఇద్దరు మిత్రులు. ఇలా మొదలుపెట్టమని ప్రభుదాస్ నాకు రెండుసార్లు చెప్పాడు. మొదలుపెట్టాను. ఇక నిజం రాస్తాను. కొండ అంటే గుట్ట. కోన అంటే ఆ గుట్ట వెనక వైపు. అగాధంలో నేను పడ్డాను కూడా, మోకాలిదాకా వచ్చింది. జలపాతం సంగతి దాని వంతు వచ్చినప్పుడు చెబుతాను. ఇప్పుడే చెబితే మీరు ఇక్కడే చదవడం ఆపేస్తారు.

ఆబిడ్స్: కారణం

తొంభైల చివరి మాట. ప్రభుదాస్ ఆబిడ్స్‌లో ఒక సందులో ఉన్న ఫోటో స్టూడియోలో పని చేసేవాడు. మూడేళ్ళుగా పాస్‌పోర్టు ఫోటోలు తీస్తున్నాడు. "గడ్డం కిందికి, చెవులు కనపడాలె, నవ్వొద్దు." పొద్దున్నుంచి సాయంత్రందాకా ఇవే మూడు మాటలు. ఒకరోజు వాళ్ళమ్మ అన్నం వడ్డిస్తూ నవ్వితే ఆమెతో కూడా "నవ్వొద్దు" అన్నాడట.

నాది నాంపల్లిలో వాళ్ళ పక్క గల్లీ. పని సుల్తాన్ బజార్‌లో, మా మామ మ్యాచింగ్ సెంటర్‌లో. జాకెట్లకు అస్తరు గుడ్డ, చీర కుచ్చిళ్ళ కింద కుట్టుకునే ఫాల్స్ అమ్ముతాం. ఒకామె చీర తెచ్చి కౌంటర్ మీద పరిస్తే, "ఇది చిలకపచ్చ కాదమ్మా, మెంతాకు పచ్చ" అని తీర్పు చెప్పడం నా ఉద్యోగం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ముందు ముందు నా తెలివిని అంచనా వేయడానికి పనికొస్తుంది.

ప్రభుదాస్ వాళ్ళ చర్చి ఏటా ఒక క్యాలెండర్ వేస్తుంది. పైన బొమ్మ, దాని కింద వాక్యం, ఆ కింద తారీఖులు. వాక్యం ఏటా మారుతుంది. తారీఖులు ఎలాగూ మారతాయి. బొమ్మ మాత్రం మారదు. మంచుకొండ, దాని మీంచి దూకే జలపాతం, పక్కన చెక్క ఇల్లు. ఎవరో ఎప్పుడో స్విట్జర్లాండ్ నుంచి పంపిన క్యాలెండర్‌లోని బొమ్మ అది. నాంపల్లిలో ఎన్నో కుటుంబాలు ఏళ్ళ తరబడి ఆ జలపాతాన్ని చూసుకుంటూ నల్లా దగ్గర బిందెలు పట్టుకుని లైన్లో నిలబడ్డాయి.

ఆ ఏడాది క్యాలెండర్ కమిటీ కూర్చున్నప్పుడు ప్రభుదాస్ లేచి, "అంకుల్, మన దగ్గర జలపాతాల్లేవా? నేను తీస్త ఫోటో" అన్నాడు. కమిటీకి శాశ్వత అధ్యక్షుడు స్టీవెన్ అంకుల్, రిటైరైన హెడ్మాస్టరు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "తే బాబూ. వచ్చే ఆదివారం దాంక టైమిస్త. మంచిగుంటే ఏస్తం, కింద నీ పేరు గూడ ఏస్తం. లేకుంటే స్విట్జర్లాండ్ యాడికి పోదు" అన్నాడట.

పేరు అన్న మాటను వాడు రెండుసార్లు పలికాడు. మూడేళ్ళలో వాడు తీసిన వేల మొహాల వెనక స్టూడియో ముద్రే పడింది. వాడి పేరు ఒక్కసారి కూడా పడలేదు. ఇది నాకు చెబుతున్నప్పుడు వాడు నవ్వలేదు. వృత్తి అలవాటేమో అనుకున్నాను. కాదు, భయం.

స్టూడియో సేఠ్ తన కెమెరా ఇచ్చాడు. దాంతోపాటు ఒకే ఒక్క రీలు. "ముప్పై ఆరు ఫోటోలు. ముప్పై ఏడోది అడగకు" అన్నాడు. వికారాబాద్ దాటాక ఒక ఊరి గుట్ట మీద జలపాతం ఉందని, వానాకాలం మూడు నెలలే దూకుతుందని, మిగతా తొమ్మిది నెలలు అది ఉత్త బండేనని స్టూడియోకు వచ్చిన ఎవరో చెప్పారు. ఆగస్టు పదిహేను సెలవు. ఆ రోజు దుకాణం మూసి గోదాము సర్దిస్తాడు మా మామ. అందుకని నాకు ప్రకృతి మీద ప్రేమ పుట్టింది.

నాంపల్లి స్టేషన్

ప్రభుదాస్ కాన్వాసు బూట్లు, టోపీ, భుజాన వాళ్ళమ్మ బట్టలారేసే తాడు చుట్టుకుని వచ్చాడు. ఎవరెస్టుకు పోతున్నవాడిలా ఉన్నాడు, చేతిలో ఉస్మానియా బిస్కెట్ల పొట్లం ఒక్కటి తప్ప. నేను చెప్పులతో, మా దుకాణం పసుపుపచ్చ గుడ్డసంచితో వచ్చాను. సంచి మీద చీర కట్టుకున్న ఆడమనిషి బొమ్మ, కింద "ఫాల్స్, అస్తర్, మ్యాచింగ్" అని అచ్చు.

"ఇంకో సంచి దొరకలేదారా నీకు?"

"దొరికింది. ఇది ఫ్రీ."

ప్యాసింజర్‌లో మా ఎదురుగా కూర్చున్న పెద్దమనిషికి ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల వ్యాపారం. కందులు చూడడానికి తాండూరు పోతున్నాడు.

"ఏడికి పోతున్రు?" అన్నాడు.

"జలపాతానికి" అన్నాడు ప్రభుదాస్.

"ఎందుకు?"

"చూడనీకి."

"సూసి?"

"ఫోటో తీస్తం."

"తీసి?"

ప్రభుదాస్ బిస్కెట్ల పొట్లం విప్పాడు. పెద్దమనిషి మా ఇద్దరినీ పుచ్చిన గింజల్ని చూసినట్టు చూశాడు. "నీళ్ళు కిందికే పడతయి గద బాబూ. పైకి పోతుంటే చెప్పుండ్రి, నేను గూడ వస్త" అని కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు. యాత్ర మొత్తంలో విన్న ఒకే ఒక్క తెలివైన మాట అది.

మధ్యలో ఒక స్టేషన్లో కాల్చిన మక్కకంకులు కొన్నాం. ఆబిడ్స్ పోస్టాఫీసు ముందు ఒక కంకికి ఇచ్చే ధరకు ఇక్కడ రెండొచ్చాయి. అమ్మే ఆమె ఉప్పూ కారం నిమ్మచెక్కతో రాసి ఇస్తూ "అన్నం తిన్నరా బిడ్డా?" అని అడిగింది. నాంపల్లిలో మేం అపరిచితుణ్ణి అడిగే మొదటి ప్రశ్న "కిరాయి ఎంత?"

దారి అడగడం

రైలు దిగాక జీపు, జీపు దిగాక కాళ్ళు. ఊరి పేరు రాయను. ఆ ఊరివాళ్ళు నన్ను ఇంకా మరిచిపోలేదని నా అనుమానం.

మొదట కనిపించిన ఒకాయన్ని "అన్నా, ఇక్కడ జలపాతం ఎక్కడుంది?" అని అడిగాను.

"జైపాలా? జైపాల్ లేడు. పట్నం వోయిండు. పొద్దుగూకినంక వస్తడు" అన్నాడాయన.

ప్రభుదాస్ నన్ను పక్కకు లాగాడు. "జలపాతమని పుస్తకాల్లో అంటరు రా. మామూలు మాట వాడు. ఫాల్స్ అను. ఫాల్స్ అంటే అందరికీ తెలుస్తది."

అందరికీ తెలుసు. అదే మా కొంప ముంచింది.

కందిచేనులో కలుపు తీస్తున్న ఆడవాళ్ళలో ఒకామె నడుం పట్టుకుని లేచి మా వైపు చూసింది. నేను గట్టు మీద నిలబడి, సంచి ఊపుతూ, "అక్కా! ఫాల్స్ ఎక్కడున్నయి?" అని అరిచాను.

ఆమె నన్ను చూసింది. నా సంచిని చూసింది. సంచి మీది చీర బొమ్మను చూసింది.

"ఫాల్సా? గట్ల సక్కగ పోయి వాగు దాటుండ్రి. గుట్ట కింద నాలుగిండ్లుంటయి. గాడనే."

"బాగుంటయా?" అన్నాడు ప్రభుదాస్.

"బాగుండకేంది? అన్ని రంగులుంటయి."

ప్రభుదాస్ నా మోచెయ్యి గిల్లాడు. "ఇంద్రధనుస్సు రా!"

"సప్పుడు దూరంకెల్లే ఇనొస్తది. పొద్దంత నడుస్తనే ఉంటది. పండుగల ముందైతే ఆడోళ్ళతోని నిలవడనీకి జాగుండదు. పికో గూడ అయితది గాడనే."

"పీక్ కూడా ఉందట" అన్నాడు ప్రభుదాస్, తాడు సర్దుకుంటూ. "శిఖరం. ఎక్కుదాం."

పికో అంటే చీర అంచుకు వేసే సన్నకుట్టు అని ప్రభుదాస్‌కు తెలియకపోవచ్చు. నాకేమైంది? రోజుకు నలభై మందికి ఫాల్స్ అమ్ముతాను. అందులో ముప్పై మంది "పికో ఎక్కడ చేస్తారు?" అని నన్నే అడుగుతారు. కానీ ఆ రోజు నేను ప్రకృతి ప్రేమికుణ్ణి. ప్రకృతి ప్రేమికుడు దుకాణం తాళం వేసి బుర్రను అక్కడే వదిలేసి వస్తాడు.

కాలిబాట

గంట నడిచాం. ఎర్రమట్టి బురద. నా కుడి చెప్పు వాగులో తెగింది. ఎడమది తోడుపోయింది. మొదట చెప్పిన అగాధం ఇక్కడే వచ్చింది. మొరం తవ్విన పాత గుంత, మీద గడ్డి. నేను అందులోకి దిగబడగానే ప్రభుదాస్ ఎంతో సంబరంగా తాడు విప్పాడు. పొద్దున్నుంచి ఆ తాడుకో పని దొరక్క వాడు బాధపడుతున్నాడు. వాడు ముడి వేయడం పూర్తి చేసేలోపు నేను నడిచి బయటకు వచ్చేశాను. వాడు తాడు మళ్ళీ భుజానికి చుట్టుకుని, నాకంటే పది అడుగులు ముందు నడిచాడు.

తర్వాత నిజంగానే చప్పుడు వినిపించింది. టకటకటక.

"ఇన్నవా?" అన్నాడు.

"నీళ్ళు టకటక అనవు కదరా."

"రాళ్ళ మీద పడితే అంటయి."

మొదటి జలపాతం

పెంకుటిల్లు. ముందు అరుగు. అరుగు మీద కుట్టుమిషను. వెనక దండెం మీద చూరు నుంచి నేలదాకా వేలాడుతున్న ఫాల్స్. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ, బచ్చలిపండు రంగు. గాలికి అలలు అలలుగా కదులుతున్నాయి. అన్ని రంగులూ ఉన్నాయి. ఆమె అబద్ధం చెప్పలేదు.

మిషను తొక్కుతున్నాయన కాళ్ళు ఆపి, మెడలో టేపు సర్దుకుని లేచాడు. పేరు యాదయ్య మాస్టరు. చూపు నా సంచి మీద.

"వచ్చిన్రా! నాలుగు నెలలకు యాదికొచ్చిననా? ఏయ్, సుల్తాన్ బజారోళ్ళొచ్చిన్రే!" అని లోపలికి కేకేశాడు. తర్వాత దండెం మీంచి ఒక ఫాల్ లాగి నా మొహం ముందు ఆడించాడు. "ఇదేం రంగు?"

"గులాబి" అన్నాను, వృత్తిరీత్యా.

"మెరూన్! మీ దుకాన్ల మెరూన్ అని ఇచ్చిన్రు. ఒక్క ఉతుకుకు గిట్లైంది. సర్పంచ్ ఇంటామె పట్టుచీర అంచంత పాడైంది. ఆమె నన్ను జూసి మొకం దిప్పుకుంటది. నాలుగు నెలలాయె, ఒక్క జాకెట్ ఇయ్యలే నాకు!"

"మా దుకాణానిది కాకపోవచ్చు మాస్టరూ..."

"సంచి నీదేనాయె!"

సంచి నాదే. ఫ్రీ.

ఆయన తిడుతుండగానే ఆయన భార్య లక్ష్మమ్మ మాకు పీటలు వేసి, జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు వడ్డించింది. మేం గోంగూర అనేదాన్ని అక్కడ పుంటికూర అంటారు. మా ఇంటి గోంగూర కంటే పుల్లగా ఉంది, లేదా తిట్లతో తినడం వల్ల అలా అనిపించిందేమో. మా నాంపల్లిలో గొడవకొచ్చినవాణ్ణి తిడతారు, చుట్టపుచూపుగా వచ్చినవాడికి పెడతారు. రెండూ ఒకే విస్తట్లో వడ్డించడం అక్కడే చూశాను. రెండో రొట్టె తింటూ మేం వచ్చిన పని చెప్పాం. లక్ష్మమ్మ గరిటె అక్కడే పెట్టి, కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడకు తిరిగి నవ్వింది. మాస్టరు నవ్వలేదు. నష్టపోయిన మనిషి.

"నీళ్ళు దుంకేదా? దుంకుడు బండ అనకపోయిన్రా! గీ గుట్ట మీదనే. అరగంట బాట."

అంటే దారి తప్పి సరైన చోటికే వచ్చాం. గొప్పగా చెప్పుకోలేని గెలుపు.

"సూపిస్త. గని ముందుగాల మా ఇంటోళ్ళ ఫోటో దియ్యాలె" అన్నాడు మాస్టరు.

న్యాయమే అనిపించింది. అరుగు మీద కుర్చీ వేశారు. అక్కడే తప్పు జరిగింది. ఎదురుగా కుర్చీలో మనిషి కూర్చుంటే ప్రభుదాస్ వేలు దానంతట అదే నొక్కుతుంది. మూడేళ్ళ అలవాటు. మాస్టరు, లక్ష్మమ్మ, తర్వాత పక్కింటాయన, తర్వాత పక్కింటాయన అన్న, వాళ్ళతో మాట్లాడని తమ్ముడు విడిగా. జెండా పండుగ అయిపోయి బడి నుంచి జనం ఇటే వచ్చారు, నోట్లో బూంది నములుతూ. "గడ్డం కిందికి. చెవులు కనపడాలె. నవ్వొద్దు." క్లిక్కు. తర్వాత ఎవరు?

ఒక ముసలామె కుర్చీలో కూర్చుని అడ్డం తిరిగింది. "నవ్వొద్దంటవేంది పిలగా? ఎన్నడన్న దిగిన్నా ఫోటో? నవ్వకుంటే నేను సచ్చినంక దీసిన్రనుకుంటరు!"

జనం అంతా గొల్లుమన్నారు. ప్రభుదాస్ కెమెరా దించి ఆమెను చూశాడు. "నవ్వు అవ్వా" అన్నాడు. ఉన్న మూడు పళ్ళతోనూ నవ్వింది. తర్వాత వాళ్ళందరూ నవ్వుతూనే దిగారు. ముందు దిగిన మాస్టరు భార్య, "నేను నవ్వనే లేదు, మల్ల దియ్యి" అని వచ్చి మళ్ళీ కూర్చుంది.

నాకు ఎందుకో అనుమానం వచ్చింది. "ఎన్నున్నయి రా?"

ప్రభుదాస్ కెమెరా వెనక అంకె చూశాడు. మొహం తెల్లబోయింది.

"మూడు."

దుంకుడు బండ

ఇక చెప్పక తప్పదు.

యాదయ్య మాస్టరు ఎత్తు అయిదడుగులు. జలపాతం ఆయన భుజందాకా వచ్చింది. నల్లటి బండ, దాని మీంచి తెల్లగా నీళ్ళు, చుట్టూ పచ్చగడ్డి. అందంగానే ఉంది. కూర్చుని చూస్తే ఇంకా బాగుంది. పడుకుని చూస్తే అద్భుతం. నిలబడితేనే కష్టం.

ప్రభుదాస్ ఒక రాయి మీద కూర్చుండిపోయాడు. ఇంతదూరం వచ్చి, రీలంతా తగలేసి, దీనికోసం. వచ్చే ఏడు కూడా గోడమీద చెక్క ఇల్లే. వాడి మొహం చూసి నేను ఒక జోకు ఆపుకున్నాను. రెండోది ఆగలేదు.

"స్విట్జర్లాండ్‌లో ఇది పుట్టుంటే నల్లా అంటారు రా."

వాడు లేచి, టోపీ తీసి, బురదలో బోర్లా పడుకున్నాడు. గడ్డం నేలకు ఆనించి, కెమెరాను నీళ్ళకు బెత్తెడు దూరంలో పెట్టాడు. తుంపర మొదలైతే మాస్టరు గొడుగు పట్టాడు. క్లిక్కు. ఒకటి.

రెండోదానికి నేను వెలుతురుకు అడ్డమొస్తున్నానని పక్కకు జరగబోయి పాచి మీద జారాను. జారి వాడి మీద పడ్డాను. క్లిక్కు. అందులో సగం ఆకాశం, సగం నా అరికాలు వచ్చాయని తర్వాత తెలిసింది.

ఒక్కటి మిగిలింది. ప్రభుదాస్ మళ్ళీ పడుకుని, ఊపిరి బిగబట్టి, వేలు పెట్టాడు.

"తమ్మీ" అన్నాడు మాస్టరు. "గీ దుంకుడు బండ కాడ నన్నొకటి దియ్యరాదు? మా నాయిన చిన్నప్పుడు నన్ను గీడికి తోలుకొచ్చెటోడు. గాయిన తర్వాత ఎవ్వలు రాలే నా తోటి."

"మాస్టరూ, అది ఆఖరిది" అన్నాను నేను. "మొదటిది సరిగ్గా రాకుంటే వాడి పని అయిపోతది."

ప్రభుదాస్ బురదలోంచి తల ఎత్తి మాస్టరును చూశాడు. నన్ను చూశాడు. లేచి నిలబడ్డాడు. "పో మాస్టర్, నీళ్ళ పక్కన నిలవడు. నువ్వు గూడ పో" అన్నాడు నాతో.

"పిచ్చి పట్టిందారా?"

"నవ్వుండ్రి" అన్నాడు.

ఎలాగూ పోయింది కదా అని నవ్వాను. మాస్టరు నన్ను చూసి, నా కాళ్ళకు చెప్పులు లేకపోవడం చూసి, నాలుగు నెలల్లో మొదటిసారి కాబోలు, పడీపడీ నవ్వాడు.

కమిటీ ముందు

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక గదిలో కమిటీ కూర్చుంది. బల్ల మీద టీ, గోడ మీద స్విట్జర్లాండ్. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. చెప్పులు కొత్తవి.

ప్రభుదాస్ మొదటి ఫోటో పెట్టాడు. నిజం చెప్పాలి, నాకే ఒళ్ళు జలదరించింది. ఆకాశం నుంచి విరుచుకుపడుతున్న నీళ్ళు, కొండంత బండ. చేతులు మారుతూ ఫోటో స్టీవెన్ అంకుల్ దగ్గరకు వచ్చింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ఏ దేశం బాబూ ఇది?"

"మనదే అంకుల్. వికారాబాద్ దాటినంక."

"వికారాబాద్ అవతల నేను పన్నెండేండ్లు హెడ్మాస్టర్‌గ చేసిన. గింత పెద్ద జలపాతం ఉంటే నాకు తెల్వదా? ఏ క్యాలెండర్లకెల్లి తీసినవ్?"

ఇంకొకరి ఫోటోను ఏళ్ళ తరబడి అడక్కుండా వేసుకున్న కమిటీకి ఆ పూట హఠాత్తుగా నిజాయితీ గుర్తొచ్చింది. ఒకాయన "ఎంత ఆశుంటే మాత్రం, చర్చిలనా" అన్నాడు. ఇంకొకాయన టీ పక్కకు జరిపాడు. ప్రభుదాస్ చెవులు ఎర్రబడ్డాయి. దొంగ అని ఎవరూ అనలేదు. అందరూ అనుకున్నారు.

వాడి చొక్కా జేబులో రీలులోని ఆఖరి ఫోటో ఉంది. అది చూపిస్తే దొంగతనం పోతుంది, జలపాతం కూడా పోతుంది. వాడు కాసేపు జేబు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. తర్వాత తీసి బల్ల మీద పెట్టాడు.

"గంతే ఉంటది అంకుల్. నేను పండుకొని తీసిన."

భుజమెత్తు నీళ్ళు. పక్కన మెడలో టేపుతో ఒక టైలరు, చెప్పుల్లేని నేను. ఇద్దరం నోళ్ళు తెరిచి నవ్వుతున్నాం. ఒకాయన "నా బాత్రూం షవర్ ఇంతకన్నా ఎత్తుంటది" అన్నాడు. అది నేను అనాల్సిన మాట. మొదటిసారి ఆ రకం జోకు నాకు నచ్చలేదు.

స్టీవెన్ అంకుల్ మాత్రం ఆ ఫోటోను చాలాసేపు పట్టుకున్నాడు. "ఈయనెవరు?"

"యాదయ్య మాస్టరు. బట్టలు కుడతడు."

"ఎందుకు గట్ల నవ్వుతున్నడు?"

"నేనే నవ్వమన్న అంకుల్."

ఆయన గోడ మీది చెక్క ఇంటి వైపు చూశాడు. మళ్ళీ ఫోటో చూశాడు. "ఆ ఇంట్ల ఎవలుంటరో ఇన్నేండ్లల్ల ఒక్కనాడు తెల్వలే. ఇదే ఎయ్యుండ్రి. పండుకొని తీసింది కాదు, నిలవడి తీసింది."

అలా ఒక ఏడాదిపాటు నాంపల్లి, ఆబిడ్స్ క్రైస్తవుల ఇళ్ళలో ఒక వాక్యం పైన నేనూ యాదయ్య మాస్టరూ వేలాడాం. ఊరివాళ్ళ ఫోటోలన్నీ ప్రభుదాస్ కడిగించి పోస్టులో పంపాడు. నేను రంగు పోని మెరూన్ ఫాల్స్ ఒక డజను అదే పార్సెల్లో పెట్టాను. ఉతికి, ఆరేసి, మళ్ళీ ఉతికి చూశాకే పెట్టాను.

డిసెంబరులో క్యాలెండర్లు వచ్చాయి. ఫోటో కింద కుడివైపు మూలన "ఫోటో: ప్రభుదాస్" అని ఉంది. చదవాలంటే గోడకు జానెడు దూరంలో నిలబడాలి. వాళ్ళింట్లో వాడు క్యాలెండర్‌ను గోడకు ఆనించి పట్టుకుంటే, వాడూ వాళ్ళమ్మా అంత దగ్గరగానే నిలబడి చదివారు. ఏదో ఒకటి అనబోయి మానుకుని, నేను సుత్తి పట్టుకున్నాను. ఆ ఏడాది క్యాలెండర్ పైన రేకుపట్టీ కాస్త బరువు. అంగుళం మేకు ఆగదు, ఒకటిన్నర అంగుళం మేకు కొట్టాలి.